మిక్సీ మోత కన్నా మాటలే అడ్డం

ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్ళు ముందుగా విసుక్కునేది మిక్సీ మీద, కుక్కర్ విజిల్ మీద. నిజానికి పనిని ఎక్కువగా చెడగొట్టేది అవి కాదు. మిక్సీ ఒకే తీరుగా మోగి కాసేపట్లో ఆగిపోతుంది. హాల్లో టీవీ సీరియల్ మాటలు సన్నగా వినిపిస్తున్నా సరే, చేస్తున్న లెక్క చెదిరిపోతుంది.

దీని మీద మనస్తత్వ శాస్త్రంలో చాలాకాలంగా పరిశోధన ఉంది. 1976లో కోల్, వెల్ష్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొందరికి అక్షరాల వరుసలు చూపించి, అదే వరుసలో గుర్తు తెచ్చుకోమన్నారు. పక్కన వాళ్ళకు రాని భాషలో ఒకరి మాటలు వినిపించారు. అర్థం కాకపోయినా తప్పులు పెరిగాయి. మాటలు బిగ్గరగా ఉన్నా, మెల్లగా ఉన్నా పెద్ద తేడా ఉండదని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. క్షణక్షణానికీ మారే శబ్దాలను మెదడు మనం అడగకుండానే వరుసగా పేర్చుకుంటుంది. మన పనిలోని అంకెలను వరుసలో పట్టి ఉంచాల్సిందీ ఆ మెదడే. అందుకే రెండూ ఢీకొంటాయి. సీలింగ్ ఫ్యాను హోరులో అలా పేర్చడానికి ఏమీ లేదు. పైగా అది సన్నటి మాటలను కొంత కప్పేస్తుంది కూడా.

కాబట్టి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండాలని ఎవరినీ కసరనక్కర్లేదు. మాటలు మన బల్ల దాకా రాకుండా చూసుకుంటే చాలు.

అందుకు ముందు తలుపు కింద చూడండి. తలుపు వైశాల్యంలో నూటికి ఒక వంతు సందు ఉంటే, ఆ తలుపు ఎంత మందపు టేకుదైనా సుమారు 20 డెసిబెళ్ళకు మించి శబ్దాన్ని ఆపలేదు. ఏడడుగుల తలుపుకు ఆ ఒక వంతు అంటే కింద ముప్పాతిక అంగుళం దాటిన సందు. మన ఫ్లాట్లలో ఇది మామూలే. పాత దుప్పటిని గట్టిగా చుట్టి అక్కడ అడ్డం పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించడం మాత్రం వృథా శ్రమ, అవి పక్క గది మాటలను ఆపవు.

గదిలో మన గొంతు గింగురుమంటుంటే అది వేరే సంగతి. టైల్స్ నేల, నున్నటి గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి. 1895లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాసశాలలో పలికిన మాట ఐదు సెకన్లకు పైగా మోగుతూ ఉండేది. వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడు రాత్రిళ్ళు పక్క థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, ఎన్ని మెత్తలకు ఎంత మోత తగ్గుతుందో కొలిచాడు. మనకు పరుపు, బొంతలు, మందపాటి కర్టెన్ ఉన్న పడకగదే ఆ మెత్తల పని చేస్తుంది. మీటింగులో అవతలివాళ్ళకు మన మాట స్పష్టంగా వినపడాలంటే ఇంట్లో అంతకన్నా మంచి చోటు లేదు.

ఇంట్లోవాళ్ళ వైపు నుంచి కూడా చూడాలి. ఫోన్‌లో ఒకవైపు మాటలే వినిపిస్తే, ఇద్దరి మాటలూ వినడం కన్నా ధ్యాస ఎక్కువ చెదురుతుందని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో చూపించారు. తర్వాతి మాట ఏమొస్తుందో ఊహకు అందకపోవడమే కారణమని వాళ్ళ వివరణ. మనం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతూ కాల్స్ మాట్లాడుతుంటే, అక్కడ ఫార్ములాలు బట్టీ పడుతున్న ఇంటర్ పిల్లకు మన సగం సంభాషణ సరిగ్గా అదే చేస్తోంది. చాలా ఇళ్ళలో గదిని రాతపనికి ఉంచుకుని, ఫోన్ రాగానే హాల్లోకో బాల్కనీలోకో వస్తారు. తలుపు మూసిన గది కావాల్సింది కాల్స్‌కే. హాల్లో ఆ పిల్ల చదువుకునే వేళ మనం రాతపనిని అక్కడే ఫ్యాను కింద, ఆమె పక్కనే కూర్చుని చేసుకోవచ్చు.