కాలవ చివర నల్లనీళ్ళు

నాగావళి పక్కన మా ఊళ్ళో వాడిన నీళ్ళన్నీ వీధి కాలవలోకి, అక్కణ్ణుంచి గెడ్డలోకి పోతాయి. ఎండాకాలం గెడ్డ పారదు. కాలవ చివర నీళ్ళు నిలిచిపోయి నల్లగా మారతాయి. మొన్న కర్రతో అడుగు కదిపితే బుడగలు లేచాయి, కుళ్ళిన గుడ్ల వాసన గుప్పుమంది. గాలి అందని చోట బతికే బాక్టీరియా నీళ్ళలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. ఆ వాసన దానిదే. అది ఇనుముతో కలిస్తే బురద నల్లబడుతుంది.

మెతుకులు, నూనె జిడ్డు, సబ్బు, ఒంటి మట్టి చాలావరకు సూక్ష్మజీవులకు తిండే. తిండి ఎక్కువైతే అవి నీళ్ళలోని ఆక్సిజన్ మొత్తం లాగేసుకుంటాయి. వెనకటికి గిన్నెలు తోమిన నీళ్ళు పెరట్లో అరటి పాదుకి వదిలేవాళ్ళు. గుల్లగా ఉన్న మట్టిలో గాలి ఆడుతుంది కాబట్టి వాసన ఉండేది కాదు. బిందెలతో మోసుకున్న నీళ్ళు కదా, మురుగూ తక్కువే. ఇప్పుడు 2019లో మొదలైన, ఇంటింటికీ కొళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకి 55 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 275. అందులో 200 లీటర్లయినా మురుగై బయటికొస్తాయి. రెండు వందల గడపల ఊరికి రోజుకి 40,000 లీటర్లు! కొళాయి వేసిన రోజే ఈ నీళ్ళకీ దారి చూడాల్సింది.

పెరడున్న ఇంటికి ఇంకుడు గుంత చాలు. కానీ ముందు జాలీ పెట్టిన చిన్న తొట్టి ఉండాలి. లేకపోతే జిడ్డు రాళ్ళకి పట్టి, దాని మీద బాక్టీరియా జిగురు పెరిగి, గుంత మూసుకుపోతుంది. ఉద్దానం ఇసుకలో నీళ్ళు ఇట్టే ఇంకిపోతాయి, వడకట్టే వ్యవధే ఉండదు. అక్కడ గుంత బావికి దూరంగా తవ్వాలి. బంకమట్టిలో అసలు ఇంకవు. మరుగుదొడ్డి నీళ్ళు మాత్రం ఈ గుంతలోకి రాకూడదు.

మిగతా నీళ్ళకి ఊరి చివర ఒక కుంట కావాలి. ఊరి నీళ్ళన్నీ అక్కడికే వచ్చినా, పది రోజులు నిలవాలంటే 400 ఘనమీటర్లు. ఒకటిన్నర మీటర్ల లోతున తవ్వితే నీటి వైశాల్యం సుమారు ఏడు సెంట్లు. ఎండకి అందులో పచ్చటి నాచు పెరిగి పగలంతా ఆక్సిజన్ వదులుతుంది, బాక్టీరియా దాంతో మురికిని తినేస్తాయి. మధ్యాహ్నానికి నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చేసి నీళ్ళ క్షారగుణం పెంచుతుంది. ఆ క్షారం, ఎండ కలిసి రోగకారక క్రిములను చాలావరకు చంపుతాయి. కరెంటు అక్కర్లేదు. మన దగ్గర ఎండకి కొదవా?

కుంట గట్టు మీద గడ్డి పెరగనివ్వకూడదు. బోదకాలు మన జిల్లాలను ఎన్నో ఏళ్ళుగా పీడిస్తోంది. దాన్ని మోసుకొచ్చే క్యూలెక్స్ దోమ మురికి నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది, గడ్డి నీడ దాని పిల్లలకి చాటు. అందుకే మా పంచాయతీని నేను రెండు అడుగుతున్నాను: కుంటకి స్థలం, నెలకోసారి గట్టు చెక్కే మనిషికి కూలి.