డబ్బాలో మూడు ఓడలు

చిరంజీవులు చిట్టికీ, బాబీకీ, తాతయ్య ఆశీస్సులు.

పక్కింటి మామ్మగారు బిస్కెట్ డబ్బా నిండా పాత నాణేలు ఇచ్చారని విని నాకు ఎంత సంబరమైందో! వాటిలో ఒకదాని మీద 500 అని ఉంది, అమ్మితే 500 యూరోలు వస్తాయా అని అడిగాడు బాబీ. రావురా నాన్నా. 2002 జనవరి 1న మీ ఇటలీలో యూరోలు చేతికొచ్చినప్పుడు, అక్కడి పాత డబ్బు లీరాలను 1936.27కు ఒక యూరో చొప్పున మార్చారు. అంటే 500 లీరాలకు పావు యూరో, పైన ఓ చిటికెడు. ఇప్పుడు ఆ పావు కూడా ఇవ్వరు. మార్చుకునే గడువు 2011 డిసెంబరుతోనే అయిపోయింది.

అంత పెద్ద అంకెకు విలువ అంత తక్కువేమిటి అంటావు. అనుకోకుండా చుట్టాలొస్తే మీ నానమ్మ మజ్జిగలో ఇంకో చెంబు నీళ్ళు పోసేది, గుర్తుందా? రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇటలీ ప్రభుత్వం చేసిందీ అదే. ఖర్చులకు చాలక నోట్లు అచ్చేసింది, మళ్ళీ అచ్చేసింది. నీళ్ళు పోసేకొద్దీ గిన్నె నిండుతుంది గానీ వెన్న పెరగదు కదా. యుద్ధం అయ్యాక 1, 2, 5, 10 లీరాలను అల్యూమినియంతో, 50, 100 లీరాలను ఉక్కుతో చేశారు. అంతా నీళ్ళ మజ్జిగే. ఒక్క 1958లో మాత్రం నిజంగా వెన్న ఉన్న గిన్నె వచ్చింది. అది 500 లీరాల వెండి నాణెం. బరువు 11 గ్రాములు, వెయ్యి పాళ్ళలో 835 పాళ్ళు వెండి. జనం ఊరుకుంటారా? వెన్న తీసి ఉట్టి మీద పెట్టుకున్నట్టు దాన్ని ఇళ్ళల్లో దాచేసుకున్నారు. 1966లో దాని బదులు కాగితం నోటు వేయాల్సి వచ్చింది. చివరికి 2002లో ఆ మజ్జిగంతా పారబోసి, కొత్త పాలు కాచి తోడు పెట్టుకున్నారు.

మీ 500 ఏదో ముందు చూడండి. మధ్యలో పసుపు, చుట్టూ తెలుపు ఉంటే అది 1982లో మొదలైన రకం. మీరు రోజూ చూసే ఒకటి, రెండు యూరోల నాణేలకు ఆ రెండు రంగుల దారి చూపింది అదే. మొత్తం తెల్లగా ఉండి మూడు తెరచాప ఓడలుంటే అది వెండిది. అవి కొలంబస్ ఓడలు. మీకు దగ్గర్లోని జెనోవాలో పుట్టినవాడే ఆయన. మన దేశం వెతుక్కుంటూ బయల్దేరి ఇంకెక్కడికో చేరాడు.

ఆ ఓడల జెండాలను నిదానంగా చూడండి. 1957లో మచ్చుకు వెయ్యి దాకా నాణేలు కొట్టినప్పుడు జెండాలు వెనక్కి ఎగురుతున్నట్టు చెక్కారు. బస్సు మీద కట్టిన జెండా వెనక్కే ఎగురుతుంది కాబట్టి మనకు అది సరిగ్గానే అనిపిస్తుంది. కానీ ఇలాంటి తెరచాప ఓడను నడిపేది ఎక్కువగా వెనకనుంచి వీచే గాలి. తెరచాప ఎటు ఉబ్బితే జెండా కూడా అటే, ముందుకే ఎగరాలి. సముద్రం తెలిసినవాళ్ళు ఆ తప్పు పట్టుకున్నారు. 1958 నుంచి వచ్చిన నాణేల మీద దాన్ని దిద్దారు. ఇన్నేళ్ళు ఓడల్లో పనిచేసినవాణ్ణి కదా, ఈ కథంటే నాకు ప్రాణం. ఆ 1957 మచ్చు నాణేలకు ఇప్పుడు చాలా ధర. నకిలీలూ ఎక్కువే. ఎవరైనా చవగ్గా ఇస్తామంటే కొనొద్దు.

1976లో మా ఓడ జెనోవాలో ఆగింది. అప్పుడు ఇటలీ అంతటా చిల్లర కరువు. కాఫీ తాగి నోటు ఇస్తే కొట్టువాడు చిల్లరకు బదులు రెండు చాక్లెట్లు, గాట్లున్న ఒక బిళ్ళ చేతిలో పెట్టాడు. అది టెలిఫోన్ బూత్‌లో వేసే బిళ్ళ. దాన్ని కూడా అందరూ డబ్బులాగే తీసుకునేవారు. బ్యాంకులైతే 50, 100, 150 లీరాలకు బుల్లి చెక్కులు అచ్చేశాయి. మీ డబ్బాలో అలాంటి బిళ్ళ ఉంటే పారేయకండి.

ఇంకొక్క మాట. నాణేలను తోమకండి. 1957లో నయా పైసలు వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. భీమిలిలో మా మామ్మ బొడ్డు సంచిలో చిల్లు కానీలు మిగిలిపోయాయి. ఇంకెన్నాళ్ళో చెల్లవు, ఆడుకోరా అని నాకిచ్చేసింది. నేను చింతపండు, బూడిద పెట్టి తళతళలాడేలా తోమాను. మామ్మ చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా అమ్మ చేతి మరకలు కూడా పోయాయిరా" అంది. అది ఇప్పటికీ నా చెవిలో ఉంది. దుమ్ముంటే మెత్తటి గుడ్డతో అద్దండి, చాలు. అంచు పట్టుకుని చూడండి.

చిట్టీ, 2 లీరాల మీద తేనెటీగను, 5 మీద డాల్ఫిన్‌ను, 10 మీద నాగలిని వెతుకు. 50 మీద దాగలి ముందు సుత్తెత్తిన కమ్మరి వుల్కానో దేవుడు ఉంటాడు. బాబీ, నువ్వు ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి ఏవి అంటుకుంటాయో, ఏవి అంటుకోవో రెండు కుప్పలు పెట్టు. రెండు రంగుల 500 ఉంటే కళ్ళు మూసుకుని వేలితో తడుము. చూపు లేనివాళ్ళ కోసం బ్రెయిలీ చుక్కలు పొదిగారు దాని మీద.

అది అయ్యాక డబ్బా పట్టుకుని మామ్మగారి దగ్గర కూర్చోండి. చిన్నప్పుడు 10 లీరాలకు ఏం కొనుక్కునేవారో అడిగి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు నాకు రాయండి. జెండాలు ఎటు ఎగురుతున్నాయో కూడా రాయండి.

మీ
తాతయ్య