మీ కుక్క షెల్టర్‌లో ఉందా? శనివారం దాకా ఆగకండి

కాలిఫోర్నియాలో ఒక జంతువుల షెల్టర్ కౌంటర్‌లో పనిచేస్తున్నాను. తప్పిపోయిన కుక్క కోసం వచ్చే మనవాళ్ళు నా దగ్గర అనే మాట దాదాపు ఒకటే: "అక్కా, మీరే ఫోన్ చేస్తారనుకున్నాం." అది వినగానే నాకు ముందు తారీఖు చూడాలనిపిస్తుంది.

అపోహ: కుక్క ఎక్కడికీ పోదు, వీకెండ్‌లో వెళ్ళి తెచ్చుకోవచ్చు.

వాస్తవం: పట్టుకున్న రోజు వదిలేసి 6 పనిదినాలు ఉంచాలని రాష్ట్ర చట్టం. వారంలో ఒక సాయంత్రం 7 దాకా గానీ, వీకెండ్‌లో ఒక రోజు గానీ తెరిచి ఉంచే షెల్టర్‌కైతే 4 పనిదినాలే. మాది అలాంటిదే. అందులోనూ మొదటి 3 రోజులే ఓనర్ కోసం. ఆ తర్వాత ఎవరైనా పెంచుకోవడానికి తీసుకెళ్ళొచ్చు. సోమవారం పట్టుకుంటే మంగళ, బుధ, గురువారాలు మీవి. శుక్రవారం నుంచి ఎవరు ముందొస్తే వాళ్ళది.

కుక్క చర్మం కింద ఉండే చిప్ స్కాన్ చేస్తాం, ఓనర్ కోసం ప్రయత్నిస్తాం. అది మా బాధ్యత. కానీ చిప్ రిజిస్ట్రేషన్‌లో పాత ఫోన్ నంబరుంటే ఎవరికి చేస్తాం?

ఒక కుటుంబాన్ని మర్చిపోలేను. ఇండియా నుంచి వచ్చిన పెద్దాయన చెత్తడబ్బా బయటపెడుతూ సైడ్ గేటు వెయ్యడం మర్చిపోయారు. కుక్కని ఒక కొలీగ్ దగ్గర తీసుకున్నారట, చిప్ ఇంకా ఆ కొలీగ్ పేరు మీదే ఉంది. శనివారం పొద్దున్నే వచ్చారు. శుక్రవారం సాయంత్రమే వేరేవాళ్ళకి ఇచ్చేశాం. "మన దగ్గర పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి మళ్ళీ అదే వీధిలో వదిలేస్తారు కదమ్మా" అన్నారాయన. అది వీధికుక్కల సంగతి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కూర్చున్నంతసేపూ చేతిలోని లీష్‌ని చుట్టచుడుతూ, విప్పుతూ ఉన్నారు.

అందుకే, కుక్క కనపడని రోజే మీరు స్వయంగా రావాలి. వెబ్‌సైట్ ఫొటోల్ని నమ్ముకోవద్దు, జాతి మేమే తప్పు రాస్తుంటాం. పక్క ఊరి షెల్టర్‌లో కూడా చూడండి.

కుక్కని విడిపించుకునే ఫీజు చూసి కంగారులో "ఓనర్ సరెండర్" కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళున్నారు. పెట్టారంటే కుక్కని వదులుకున్నట్టే. ముందు ఫీజు తగ్గిస్తారా, వాయిదాల్లో కట్టొచ్చా అని అడగండి. ఆపరేషన్ చేయించని కుక్కకి మొదటిసారి 35 డాలర్లు, రెండోసారి 50, ఆపైన 100 అదనంగా పడతాయి. 2022 నుంచి చిప్ లేకుండా కుక్కని ఇంటికి పంపడం కూడా లేదు, కొద్దిపాటి మినహాయింపులు తప్ప.

కరిస్తే చంపేస్తారన్నది వాట్సాప్ పుకారు. రేబిస్ టీకా వేయించినా సరే, 10 రోజులు విడిగా ఉంచి గమనిస్తారు, అంతే. ప్రమాదకరమైన కుక్క అని ముద్ర వెయ్యాలంటే విచారణ జరగాలి. నోటీసు అందాక 5 నుంచి 10 పనిదినాల్లో అది ఉంటుంది, నిర్ణయం చేతికందాక అప్పీలుకి మాత్రం 5 రోజులే. టెన్షన్‌తో కవరు విప్పకుండా పక్కన పెట్టకండి.

వీసా పోతుందని భయపడి రానివాళ్ళూ ఉన్నారు. కౌంటర్‌లో మేం అడిగేది ఫొటో ఐడీ, టీకా సర్టిఫికెట్టో వెట్ బిల్లో. అవీ లేకపోతే ఫోన్‌లో ఫొటోలు చూపించండి. వీసా అడగం. లీష్ లేదని టికెట్ రాస్తే అది వేరే విషయం, ఆ కాగితం దాచి మీ ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించండి.