వెలి వెనక పద్దు: ప్యూరిటన్ మసాచుసెట్స్‌లో ఊరికి బరువైనవాళ్లు

పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండు నుంచి అమెరికాలోని మసాచుసెట్స్‌కు వలస వెళ్లిన, కట్టుబాట్లు గట్టిగా పట్టించుకునే ప్రొటెస్టెంటు క్రైస్తవులు ప్యూరిటన్లు. వాళ్ల వెలివేత అనగానే బట్టల మీద కుట్టిన అక్షరమే గుర్తొస్తుంది. అది నిజంగా ఉండేది. 1634లో రాబర్ట్ కోల్ అనే తాగుబోతును ఏడాదిపాటు తెల్లగుడ్డ మీద ఎర్ర ‘డి’ (ఇంగ్లిష్‌లో తాగుబోతుకు మొదటి అక్షరం) మెడలో వేసుకు తిరగమన్నారు. 1694 చట్టం వ్యభిచారానికి రెండంగుళాల ‘ఎ’ (అడల్టరీకి మొదటి అక్షరం) పెట్టింది. అది బట్టకు ఎదురు రంగులో, చేతి మీదో వీపు మీదో నలుగురికీ కనబడాలి. తీసేసి దొరికితే 15 కొరడా దెబ్బల దాకా పడేవి. అయినా అక్షరం మోసినవాళ్లు ఊళ్లోనే ఉండేవాళ్లు. అసలు ఊరి గడపే తొక్కనివ్వని వెలి వేరే ఉంది. దాని మూలం చాలావరకు పేదల పద్దులో దొరుకుతుంది.

ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న పద్ధతి ప్రకారం ఏ ఊరి పేదలకు ఆ ఊరే తిండి పెట్టాలి. అందుకే కొత్తముఖం కనబడితే గుబులు. బోస్టన్ 1636లోనే అనుమతి లేకుండా అతిథిని 14 రోజులకు మించి ఉంచుకోవద్దంది. మరుసటి ఏడు, పాస్టర్ల బోధను తప్పుపట్టిన ఆన్ హచిన్సన్ అనే మహిళ చుట్టూ మతవివాదం రగులుతున్నప్పుడు, కాలనీ మొత్తానికి మూడు వారాల గడువు పెట్టారు.

1659 చట్టంతో లెక్క ఇంకా బిగిసింది. వచ్చినవాడు ఎవరూ పొమ్మనకుండా మూడు నెలలు గడిపితే ఆ ఊరివాడే అవుతాడు, రేపు చితికిపోతే ఊరే పోషించాలి. కాబట్టి గడువులోపే కానిస్టేబుల్ వెళ్లి ‘వెళ్లిపొమ్మని’ చెప్పాలి, ఆ మాట కౌంటీ కోర్టు రికార్డుకెక్కాలి. చిత్రమేమిటంటే, అలా చెప్పించుకున్నవాళ్లలో చాలామంది కదిలేవాళ్లు కాదు, ఊరూ తొందరపెట్టేది కాదు. కాగితం పుట్టింది చాలు, పోషణ భారం తప్పినట్టే. మనిషి మంచాన పడ్డప్పుడే ఆ కాగితం బయటికి తీసి, పాత ఊరికి సాగనంపేవాళ్లు. పెళ్లికాని గర్భిణి అయితే మరీ హడావుడి. పురిటినొప్పుల్లో మంత్రసాని తండ్రి పేరు గుచ్చిగుచ్చి అడిగేది. నీతి సంగతి అలా ఉంచితే, బిడ్డ ఖర్చు ఎవరి నెత్తిన వేయాలో తేలాలి కదా.

ఒంటరివాళ్ల మీదా ఇదే అనుమానం. 1637లో పొరుగు కాలనీ కనెక్టికట్, పెళ్లికాని కుర్రాడు నౌకరైనా లేకుండా, ఊరి ఒప్పుదల లేకుండా విడిగా కాపురం పెడితే వారానికి 20 షిల్లింగుల జరిమానా అంది. మసాచుసెట్స్‌లో 1633లో మేస్త్రీ వడ్రంగి రోజుకూలికి పెట్టిన హద్దే రెండు షిల్లింగులు. ఇంటి యజమాని అదుపులో లేని మనిషిని ఎవరు దిద్దుతారన్నది వాళ్ల బెంగ.

పాస్టర్లు అక్కర్లేదనే మరో క్రైస్తవ శాఖ క్వేకర్లది మాత్రం మతం గొడవే, పద్దు గొడవ కాదు. 1659–61 మధ్య బోస్టన్‌లో నలుగురిని ఉరితీశారు. ఇంగ్లండు రాజు అడ్డుపడ్డాక బండి వెనక కట్టి, ఊరూరా కొడుతూ పొలిమేర దాటించే శిక్ష మిగిలింది.

1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో మంత్రగత్తెలని మొదట పట్టుకున్న ముగ్గురినీ ఈ నేపథ్యంలో చూడాలి. టిటూబా పాస్టరు ఇంటి బానిస. సారా ఆస్బోర్న్ భర్త పోయాక పాలేరును పెళ్లాడి, కొడుకుల ఆస్తి దగ్గర గొడవపడింది. ఏడాదికి పైగా చర్చి గడప తొక్కలేదు. సారా గుడ్, మొదటి భర్త మిగిల్చిన అప్పుల్లో మునిగి, బిచ్చమెత్తుతూ ఎవరో ఒకరి పంచన తలదాచుకునేది. లేదు పొమ్మంటే గొణుక్కుంటూ వెళ్లేది. విచారణలో ఆ గొణుగుడేమిటని నిలదీశారు. బైబిల్ ఆజ్ఞలంది, తర్వాత కీర్తనంది.

జైల్లోనూ పద్దు ఆగలేదు. తిండి ఖర్చూ సంకెళ్ల ఖర్చూ ఖైదీవే, వారానికి సుమారు రెండున్నర షిల్లింగులు. లిడియా డస్టిన్ నిర్దోషి అని తేలినా బాకీ కట్టలేక 1693లో జైల్లోనే చనిపోయింది. సారా గుడ్‌ను 1692 జులై 19న ఉరితీశారు, చంటిబిడ్డ అంతకుముందే జైల్లో పోయింది, నాలుగైదేళ్ల కూతురు ఏడెనిమిది నెలలు గొలుసులతో ఉంది. తన భార్య మంత్రగత్తె అయినా అయ్యుండాలి, త్వరలో అయినా అవుతుందని భయంగా ఉందని అప్పట్లో కోర్టులో చెప్పిన భర్త విలియం గుడ్, 1710లో నష్టపరిహారానికి అర్జీ పెట్టుకున్నాడు. అతనికి 30 పౌండ్లు మంజూరయ్యాయి.