ఫ్రీజర్‌లో పెడితే క్రిములు చస్తాయా? వండి దాచుకునేవాళ్లకు అపోహలు - వాస్తవాలు

"ఆదివారం కూర్చుని అన్నీ వండేసి ఫ్రీజర్‌లో పెట్టేసుకుంటే వారమంతా నిశ్చింత కదా మేడమ్?" డైట్ చార్ట్ కోసం వచ్చే భార్యాభర్తల్లో ఈమధ్య ఈ ప్రశ్న అడగనివాళ్లు తక్కువ. మీ ఇంటికి అది కుదురుతుందో లేదో చెప్తాను. దానికంటే ముందు ఒక అపోహ సంగతి తేల్చాలి. కడుపు పాడై వచ్చినవాళ్లను ఏం తిన్నారు, ఎప్పుడు వండారు అని అడుగుతూ పోతే చాలాసార్లు అక్కడికే చేరుతున్నాం.

అపోహ: ఫ్రీజర్‌లో క్రిములు చచ్చిపోతాయి. ఒకటీ అరా మిగిలినా మళ్లీ మరిగిస్తే పోతాయి.

చావవు. మైనస్ 18 డిగ్రీల దగ్గర బ్యాక్టీరియా పెరగడం ఆగుతుంది, అంతే. చాలామటుకు బతికే ఉంటాయి, కాస్త వేడి తగలగానే మళ్లీ పెరుగుతాయి. కూర ఫ్రీజర్‌లోకి ఏ స్థితిలో వెళ్లిందో అదే స్థితిలో బయటికొస్తుంది. కాబట్టి అసలు ప్రమాదం ఫ్రీజర్‌లో లేదు. లోపల పెట్టేముందు గట్టు మీద గడిచిన గంటల్లో ఉంది, బయటికి తీశాక గడిచే గంటల్లో ఉంది.

మన ఇళ్లలో జరిగేది చూడండి. ఉదయం పదకొండుకి పెద్ద గిన్నెడు చికెన్ కూర దించుతారు. వేడి వస్తువు ఫ్రిజ్‌లో పెట్టకూడదని ఎవరో చెప్పారు కాబట్టి మూత పెట్టి గట్టు మీద వదిలేస్తారు. భోజనం, కునుకు, సాయంత్రం చుట్టాలు. రాత్రి తొమ్మిదికి గుర్తొచ్చి డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌లో పెడతారు. బుధవారం పొద్దున ఆఫీసుకి వెళ్తూ డబ్బా తీసి మళ్లీ గట్టు మీదే పెడతారు, సాయంత్రానికి కరుగుతుందని. ఆ రెండు పూటలూ కూర 5 నుంచి 60 డిగ్రీల మధ్యే ఉంది. బ్యాక్టీరియా పెరగడానికి అనువైన వేడి అదే. వండిన పదార్థం ఆ వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. మే నెలలో విజయవాడ వంటింట్లో మీకున్నది ఆ గంటే అనుకోండి.

మరి మరిగిస్తే? ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా స్పోర్లు, అంటే గట్టి పెంకులో నిద్రపోయే విత్తనాల్లాంటివి, ఉడికినా చావవు. అన్నం గట్టు మీద గంటల తరబడి ఉంటే అవి మొలిచి, పెరిగి, విషాన్ని వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మరిగించినా విరగదు. వడ్డించే చేతుల నుంచి చేరే స్టఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా వదిలే విషమూ అంతే. మీరు చంపగలిగేది బ్యాక్టీరియాని, అది అప్పటికే వదిలిపెట్టిన విషాన్ని కాదు. పెద్ద గిన్నెల్లో నెమ్మదిగా చల్లారే మాంసం కూరల్లో, పప్పుల్లో పెరిగేది ఇంకో బ్యాక్టీరియా, క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్. పెళ్లి భోజనాల తర్వాత ఊరంతా విరేచనాలు అంటుంటారే, అలాంటి చోట్ల అనుమానించాల్సినవాటిలో ఇదీ ఒకటి. (మజ్జిగ పోసి పులియబెట్టిన చద్దన్నం మాటేమిటని అడుగుతారు. అందులో పులుపు చాలావరకు కాపాడుతుంది. ఉత్త అన్నానికి ఆ కాపలా లేదు.)

చేయాల్సింది చాలా తేలిక. మన అమ్మమ్మలు పాలగిన్నెను చల్లటి నీళ్ల పళ్లెంలో పెట్టేవారు కదా, కూర గిన్నెనూ అలాగే పెట్టి గరిటెతో తిప్పండి. తర్వాత రెండంగుళాల లోతు మించని డబ్బాల్లోకి సర్దేయండి. పొగలు తగ్గాక కాస్త గోరువెచ్చగా ఉన్నా ఫ్రిజ్‌కి ఏమీ కాదు. తినే ముందురోజు రాత్రి ఫ్రీజర్ నుంచి కింది అరలోకి మార్చండి. మరిచిపోయారా, గడ్డనే నేరుగా మూకుడులో వేసి సన్నసెగ మీద కరిగించి, పొగలు కక్కేదాకా మరిగించండి. జిప్ కవర్లో పల్చగా పరిచి గడ్డకట్టించి ఉంటే పది నిమిషాల పని.

అపోహ: ఫ్రిజ్ మీద ఐదు నక్షత్రాలున్నాయి, నాకేం భయం లేదు.

అవి కరెంటు పొదుపు నక్షత్రాలమ్మా. చల్లదనానికీ వాటికీ సంబంధం లేదు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో లోపలున్న ఐసు అర చాలావాటిలో మైనస్ 18 దాకా పోదు, తలుపు తీసినప్పుడల్లా వేడెక్కుతుంది. అందులో ఐసు, నాలుగు రోజుల సరుకు, అంతవరకే. ఫ్రీజర్‌కి వేరే తలుపు ఉన్న ఫ్రిజ్ అయితేనే నెలల మాట ఎత్తండి.

కరెంటు పోతే ఎలాగన్నది న్యాయమైన భయం. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తియ్యకుండా ఉంటే సుమారు 48 గంటలు, సగమే నిండితే 24 గంటలు చల్లదనం నిలుపుకుంటుంది. ఊరెళ్లేవాళ్లకు నేను చెప్పే చిట్కా: చిన్న గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. తిరిగొచ్చేసరికి బిళ్ల అడుగున ఉంటే మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. లోపలున్నదంతా పారేయండి, బాధపడకుండా.

అపోహ: ఫ్రీజర్ తిండి తింటే క్యాన్సర్.

వాట్సాప్‌లో ఎవరు పుట్టిస్తారో గానీ, దీనికి నా దగ్గర ఓపిక లేదు. చల్లదనం వల్ల క్యాన్సర్ రాదు. మొన్న ఒక పిల్లల తల్లి వచ్చింది. నైట్ డ్యూటీ ఉన్న వారాల్లో బాబుకి ఫ్రీజర్‌లోని పప్పు వేడిచేసి పెట్టానని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె చేసిన పనిలో తప్పేమీ లేదు, కందిపప్పులోని మాంసకృత్తులు ఎక్కడికీ పోవు. ఇంట్లో ఉడికించి దాచిన పప్పు, బయటి నుంచి తెప్పించే నూడుల్స్ కంటే వెయ్యి రెట్లు నయం అని చెప్పి పంపాను. ప్లాస్టిక్ డబ్బాతో సహా వేడిచెయ్యకండి, స్టీలు గిన్నెలోకి మార్చండి. అంతవరకే జాగ్రత్త.

ఇక మీ ఇంటికి కుదురుతుందా? ఇంట్లో రోజూ వండేవాళ్లు ఉండి, పెద్దవాళ్లు పొద్దుటి కూర రాత్రికే ముట్టనంటే, ఈ పని పెట్టుకోకండి. మా అత్తయ్య ఫ్రిజ్‌లో పెట్టిన చారు కూడా వాసన చూసి పక్కకి జరిపేస్తుంది. ఆవిడ కోసం నేను వారం వంట దాచి ఏం లాభం? ఇద్దరూ షిఫ్టుల్లో తిరిగేవాళ్లకు, హాస్టల్ తిండి మానాలనుకునే కుర్రాళ్లకు, బాలింత ఉన్న ఇళ్లకు మాత్రం ఇది గొప్ప సాయం. మా చెల్లి కాన్పుకి డాలస్ వెళ్లిన అమ్మ తిరిగొచ్చేముందు అక్కడి డీప్ ఫ్రీజర్‌ని పప్పు డబ్బాలతో, కోడికూరతో నింపేసి, ఒక్కో డబ్బా మీద తేదీ రాసి వచ్చింది.

అయితే మన భోజనానికి పూర్తి వంట దాచడం కంటే సగం వంట దాచడం మేలని నా అభిప్రాయం. ఉడికించిన కందిపప్పు, శనగలు, రాజ్మా, వేయించిన ఉల్లి-టమాటా మసాలా, గోంగూర ముద్ద, కొబ్బరి తురుము, చింతచిగురు, ఇడ్లీలు, సగం కాల్చిన చపాతీలు. ఇవన్నీ బాగుంటాయి. తాలింపు ఆరోజుకారోజు వేసుకుంటే కొత్తగా వండినట్టే ఉంటుంది. బంగాళాదుంప ఇసక ఇసకగా అవుతుంది, బెండకాయ, వంకాయ మెత్తబడి నీళ్లోడతాయి, పెరుగు పచ్చడి విరిగిపోతుంది, ఉడికిన గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది.

మిగతావి చకచకా. ఎన్నాళ్లు ఉంచొచ్చు? నిజమైన మైనస్ 18 ఉంటే పాడవదు గానీ రుచి తగ్గుతుంది, కూరలు రెండు మూడు నెలల్లో తినేయండి. పైన తెల్లగా ఎండిన మచ్చలు కనిపిస్తే అది తేమ ఆరిపోవడం, హాని లేదు. ఫ్రిజ్ కింది అరలో కరిగించినదైతే మళ్లీ గడ్డకట్టించవచ్చు, గట్టు మీద కరిగించినది వద్దు. స్టీలు డబ్బాలు వాడొచ్చు, పైన అంగుళం ఖాళీ వదలండి. గాజు సీసాలో నిండా సాంబారు పోసి పెడితే సీసా పగులుతుంది.