పాత డిస్కు దాచుకున్న చిట్టా

పాత సర్వర్ నుంచి విప్పి తెచ్చిన 36 జీబీ డిస్కుకి కరెంటు ఇచ్చాను. చప్పుడు లేదు. చెవి ఆనించి విన్నా మోటారు ఉలకలేదు. పోయిందనుకుని పక్కన పడేశాను. రెండు వారాల తర్వాత అదే డిస్కు నిమిషానికి పదివేల చుట్ల వేగంతో ఈల వేస్తూ తిరిగింది. ఈ మధ్యలో నేను మార్చింది ఒక్క జంపరు, అంటే డిస్కు మీది రెండు పిన్నుల్ని కలిపే బుల్లి తొడుగు.

డిస్కుల్ని కంప్యూటర్‌కి కలిపే ఒక పద్ధతి ఉంది, నా డిస్కుదీ అదే. రాయడానికి ఎస్‌సీఎస్‌ఐ, పిలవడానికి స్కజీ. 1986లో ప్రమాణంగా స్థిరపడిన ఈ పద్ధతి మీదే ఆ తర్వాత చాలా ఏళ్లు సర్వర్లు నడిచాయి. ఒకే పెట్టెలో డజను డిస్కులుంటే, స్విచ్ వేయగానే అన్ని మోటార్లూ ఒక్కసారే లాగే కరెంటుకి పవర్ సప్లై కూలబడుతుంది. అందుకే సర్వర్ డిస్కుల్లో చాలావాటిని కంట్రోలర్ (డిస్కుల్ని నడిపే కార్డు) ‘ఇక తిరుగు’ అని చెప్పేదాకా కదలకుండా ఉండేలా అమరుస్తారు. నా డిస్కు చావలేదు, పిలుపు కోసం ఎదురుచూస్తోంది, అంతే. అలా ఆగాలా వద్దా అని చెప్పేది ఆ జంపరే.

డిస్కుకి ఐడీ, అంటే దాని నంబరు, ఇచ్చే జంపర్లదీ ఇలాంటి కథే. పాత స్కజీ కేబుల్‌లో డేటా తీగలు ఎనిమిది. మాట్లాడాలనుకున్న పరికరం తన నంబరు తీగను లేపుతుంది, పెద్ద నంబరుదే గెలుపు. అందుకే కంట్రోలర్‌కి 7 ఇవ్వడం ఆనవాయితీ. తీగలు ఎనిమిదే కాబట్టి పరికరాలూ ఎనిమిదే. తీగలు పదహారైన రకంలో ఐడీలూ పదహారయ్యాయి. పొరపాటున డిస్కుకీ 7 పెట్టామా, ఒక్క డిస్కే అన్ని ఐడీల్లోనూ ఉన్నట్టు స్క్రీన్ మీద వరసగా కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు ఆనందపడతారు కూడా!

తిరిగిన డిస్కు ఆ తర్వాతా ఏడిపించింది. చిన్న ఫైళ్లు బాగానే చదివేది, పెద్ద ఫైలు కాపీ చేస్తే మాత్రం తప్పుల మీద తప్పులు. మళ్లీ డిస్కునే తిట్టుకున్నాను. తీరా చూస్తే కేబుల్ చివర టెర్మినేటర్ లేదు. బావిలోకి అరిస్తే మన కేకే మనకు తిరిగొస్తుంది చూడండి, కేబుల్ కొసకు చేరిన సంకేతమూ అలాగే వెనక్కి తిరిగి తర్వాత వచ్చే సంకేతాల్లో కలిసిపోతుంది. దాన్ని కొసలోనే మింగేసేది టెర్మినేటర్. పాత డిస్కుల్లో చాలావాటికి అది ఒంట్లోనే ఉండేది. తర్వాత వచ్చిన, తక్కువ వోల్టేజీ సంకేతాలు వాడే ఎల్‌వీడీ రకం డిస్కుల్లో లేదు, కేబుల్ చివర విడిగా తగిలించాలి. కాబట్టి డిస్కుని అనుమానించే ముందు కేబుల్‌ని అనుమానించడం మేలు. డబ్బుల లెక్కన చూసినా అదే చవక.

పెద్ద స్టోరేజ్ పెట్టెల నుంచి వచ్చినవాటితో మరో తంటా ఉంది. డిస్కు మీద డేటా రాసే చిన్న గడిని సెక్టారు అంటారు. మామూలుగా సెక్టారుకి 512 బైట్లు. ఆ పెట్టెలు మాత్రం సరిచూసుకునే లెక్క కోసం ఇంకో 8 చేర్చి 520గా రాస్తాయి. లినక్స్ అలాంటి డిస్కుని గుర్తుపడుతుంది గానీ, ఈ సెక్టారు సైజు నాకు చేతకాదని చేతులెత్తేస్తుంది. ఎస్‌జీ_ఫార్మాట్ అనే పనిముట్టుతో 512కి మార్చుకోవచ్చు. డిస్కు పరిమాణాన్ని బట్టి గంటలు పట్టొచ్చు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి ఫార్మాట్ చేసేదాకా డిస్కు ఏమీ చదవనివ్వదు. యూపీఎస్ లేకుండా నేనైతే ఆ పని మొదలుపెట్టను.

ఇంతదాకా చేసింది తలుపు తీయడం. లోపలి సంగతి చెప్పేది చిట్టా. ప్రతి స్కజీ డిస్కులో రెండు జాబితాలుంటాయి. ఫ్యాక్టరీలోనే దొరికిన మచ్చలు పీ-లిస్టులో ఉంటాయి. అవి వేలల్లో ఉన్నా కంగారు అక్కర్లేదు, పుట్టుమచ్చల్లాంటివి. వాడకంలో తగిలిన దెబ్బలు జీ-లిస్టులో చేరతాయి. సెక్టారు పాడైతే డిస్కు దాని బదులు వేరే సెక్టారుని కేటాయించి, ఆ సంగతి ఇక్కడ రాసుకుంటుంది. డిస్కు ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్ అనే పనిముట్టుని అడిగితే ఈ జీ-లిస్టు అంకె చూపిస్తుంది. డేటా ఉండే పళ్లేనికి సంబంధం లేని తప్పుల లెక్క విడిగా ఉంటుంది. నా కేబుల్ తప్పుని ముందే పట్టించాల్సింది అదే. నేను చూడలేదు.

జీ-లిస్టులో అంకె ఎంత అన్నదానికంటే పెరుగుతోందా అన్నదే ముఖ్యం. అందుకే ముందు అంకెని కాగితం మీద రాసుకుంటాను. తర్వాత బ్యాడ్‌బ్లాక్స్ అనే పనిముట్టుతో డిస్కు ఈ చివర నుంచి ఆ చివరకి రాసి, చదివి చూస్తాను. పాత యజమాని డేటా కూడా ఆ రాతలోనే చెరిగిపోతుంది. చివర్న డిస్కు తనను తాను పరీక్షించుకునే లాంగ్ టెస్ట్, మళ్లీ చిట్టా. అంకె కదలకపోతే పనికొస్తుంది. ప్రతి విడతకీ కాస్త కాస్త పెరుగుతుంటే, ఎంత ముద్దుగా తిరుగుతున్నా దాని మీద నా ఫోటోలు పెట్టను.

నా డిస్కులో మొదట చూసినప్పుడు 3 ఉంది. రాత్రంతా రాసి, చదివి, పొద్దున కాఫీ తాగుతూ చూస్తే మళ్లీ 3.