అపోహలు – వాస్తవాలు: ఆస్ట్రకాడ్ చిప్పల్లో ప్రతి తేడా ఒక కొత్త జాతి కాదు

చెన్నైలో సూక్ష్మ శిలాజాలపై పనిచేస్తున్న నా దగ్గరికి పరిశోధక విద్యార్థులు ఎక్కువగా మోసుకొచ్చే అపోహ ఒక్కటే: స్లైడు మీద రెండు ఆస్ట్రకాడ్ చిప్పల పోలిక కలవకపోతే అవి రెండు జాతులని. జాతుల సంఖ్య పెరిగితేనే థీసిస్ నిలుస్తుందన్న పుకారు దీనికి ఆజ్యం పోస్తోంది. ఎవరు పుట్టించారో గాని, దాని వల్ల పిల్లల ఏళ్లు వృథా అవుతున్నాయి.

ఆస్ట్రకాడ్ రొయ్యలు, పీతల బంధువైన చిన్న జీవి; దాని కవచం కుడి, ఎడమ రెండు చిప్పలుగా ఉంటుంది. ఆల్చిప్పలాగా, ఉన్న చిప్పనే పెంచుకుంటూ పోదు. కుబుసం విడిచి కొత్త కవచం కట్టుకుంటుంది. సాధారణంగా ఎనిమిది సార్లు కుబుసం విడిచి తొమ్మిదో దశలో ఎదిగినదవుతుంది కనుక, నిండా బతికిన ఒక్క జీవి పద్దెనిమిది చిప్పలను వదలగలదు. దశ మారినప్పుడల్లా పొడవు ఇంచుమించు 1.26 రెట్లవుతుంది: ఎదిగినది 0.80 మి.మీ. ఉంటే, దాని ముందరి దశలు సుమారుగా 0.63, 0.50, 0.40 మి.మీ. ఉంటాయి.

నెల్లూరు నుంచి ఇక్కడికి చదువుకు వచ్చిన ఒకమ్మాయి, తమిళనాడులోని కారై బంకమట్టిలో (డైనోసార్లు బతికిన క్రెటేషియస్ కాలపు పొర) ఏరిన సైథరెల్లా అనే ఆస్ట్రకాడ్ ప్రజాతి (జీనస్) చిప్పలకు ఏడు జాతులుగా పేర్లు పెట్టుకుంది. పరిశీలకులు అధ్యాయాన్ని తిప్పి పంపారు. "మేడమ్, మూడేళ్ల పని పోయినట్టేనా?" అని అడుగుతుంటే ఆమె గొంతు వణికింది. తడి కుంచె మొనతో ఒక్కొక్క చిప్పనూ తిప్పి చూశాం. ఈ ప్రజాతిలో కుడి చిప్ప ఎడమదాని కంటే పెద్దది. పిల్లల్ని మోసే చోటు కావాలి కనుక ఆడదాని వెనుక భాగం ఉబ్బుగా ఉంటుంది. ఆడవాటి కుడి, ఎడమ చిప్పలు, మగవాటి కుడి, ఎడమ చిప్పలు కలిపి నాలుగు పేర్లు పోయాయి. పొడవు, ఎత్తు కొలిచి గ్రాఫు గీస్తే మిగిలిన మూడూ పిల్ల దశల గుంపులుగా తేలాయి. ఏడు జాతులు ఒక్కటయ్యాయి గాని, పని పోలేదు: పిల్ల దశలూ ఎదిగినవీ ఒకే నమూనాలో కలిసి దొరకడం, అవి ఎక్కడి నుంచో కొట్టుకురాక బతికిన చోటే పూడుకుపోయాయనడానికి బలమైన ఆధారం. అధ్యాయాన్ని ఆమె దాని చుట్టూనే తిరిగి రాసింది.

సైథరెల్లా కనిపిస్తే రాయి క్రెటేషియస్‌దేనన్న మాటా నిజం కాదు. ఆ ప్రజాతి నేటి సముద్రాల్లోనూ బతికే ఉంది. వయసును జాతి స్థాయిలో, తోడున్న ఇతర శిలాజాలతో కలిపి తేల్చాలి. ఇక మట్టిని యాసిడ్‌లో కడగమని ఎవరు చెప్పినా వినకండి. చిప్ప కాల్సైటు (సున్నపు ఖనిజం), హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కరిగిపోతుంది. ఎండబెట్టిన బంకమట్టిని పలచని హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెట్టి, 63 మైక్రాన్ల జల్లెడ మీద నీటితో కడిగితే సరిపోతుంది.